ఆ మంచం మీద ఎవరైనా పోయారా

మా పాపకి దగ్గు వచ్చిన రోజున వాళ్ళ టీచర్‌కి నేను పెట్టే మెసేజ్ ఇలా ఉండేది. ముందు నమస్కారం. తర్వాత పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ. ఆ తర్వాత రాత్రి వీచిన చల్లగాలి, ఆపడం మర్చిపోయిన ఫ్యాను, ఐస్‌క్రీమ్ కొనిపెట్టిన తాతగారు, నేను వేసిన మందు, వెయ్యాలా వద్దా అని ఆలోచించి వెయ్యని మందు. అంతా చదివాక ఆవిడ దగ్గరనుంచి ఒక్క లైను వచ్చేది. "పాప వస్తుందా, రాదా అండీ?"

మా ఆయన ఆ మెసేజ్‌లు చదివి నవ్వేవారు. "డిగ్రీలో వ్యాసాలు రాసి రాసి పాడైపోయావు నువ్వు. స్కూలుకి రాదు అని చెప్పడానికి ఇంత ఉపోద్ఘాతమేటి?"

అది చదువు వల్ల వచ్చింది కాదు. భయం వల్ల వచ్చింది. పాప పుట్టాక నాకు కొన్ని మాటలు నోటికి రావడం మానేశాయి. జ్వరం అనను, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది అంటాను. పడిపోయింది అనను, కాలు కొంచెం జారింది అంటాను. మాట సూటిగా అంటే ఆ చెడు సూటిగా మా గుమ్మంలోకి వచ్చేస్తుందని లోపల ఎక్కడో నమ్మకం. పాపని పడుకోబెట్టి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్న ఈ పూట కూడా ఆ నమ్మకం పూర్తిగా పోయిందని చెప్పలేను. కాస్త వదులైంది. అలా వదులైంది మా ఆఫీసులో.

ఆఫీసు అంటే పెద్దదేమీ కాదు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే కొన్ని కుటుంబాలవాళ్ళు శనివారం సాయంత్రాలు వెంకటేశ్వరస్వామి భజనకి కలుస్తారు. ఆ భజనలోంచి పుట్టిన సేవాసంస్థ అది. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకి ఆస్పత్రి మంచాలు, చక్రాల కుర్చీలు, వాకర్లు ఊరికే ఇస్తాం. అవసరం తీరాక తెచ్చి అప్పజెప్పాలి, అంతే. ఒక షావుకారు గారు తమ పాత బెల్లం గోడౌన్‌ని మాకు వదిలేశారు. ముందు గదిలో స్వామి పటం, ఒక బల్ల, ఒక ఫోను, ఆ ఫోను ఎత్తడానికి నేను. వెనక గదిలో మంచాలు. బెల్లం దిమ్మలు అక్కడినుంచి వెళ్ళిపోయి ఏళ్ళు గడిచినా గోడల్లో ఆ వాసన అలాగే ఉంది. చీమలు కూడా ఆశ వదులుకోలేదు. అందుకని మంచం కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళం.

సంస్థ పని అంతా చూసేది ఒక పెద్దావిడ. ఊళ్ళో అందరికీ ఆవిడ పెద్దమ్మగారు. వాళ్ళాయన పోయాక బెల్లం కొట్టు కొడుక్కి అప్పజెప్పి ఇక్కడికి వచ్చేశారు. ఆవిడ పెట్టిన పట్టింపు ఒకటుంది. స్వామి పటం ముందు కూర్చుని ఎవరితోనూ 'లేదు' అనకూడదు. అడగడానికి వచ్చినవాళ్ళకి ఆ మాట శాపంలా తగులుతుందని ఆవిడ ఉద్దేశం. కాబట్టి చక్రాల కుర్చీ ఉందా అని ఎవరైనా అడిగితే, ఉన్నా లేకపోయినా మా జవాబు ఒకటే. "చూద్దామండీ, స్వామి దయ." ఆ మాట విని మాకవరపాలెం వైపునుంచి వచ్చిన ఒకాయన మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. మేం టీ ఇచ్చాం. మళ్ళీ ఇచ్చాం. లేచి వెళ్ళిపోయే ముందు ఆయన, "కుర్సీ లేదని పొద్దున్నే సెప్పుంటే సబ్బవరంలో మావోళ్ళ దగ్గిరికి ఎల్లి అడుక్కుందును గదమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

నాకు ఆ పద్ధతి హాయిగా ఉండేది. నా భయాలకి సరిగ్గా కుట్టించిన జాకెట్టులా ఉండేది. మా ట్రాలీ ఆటో నడిపే అతను మాత్రం పళ్ళికిలించేవాడు. "మేడమ్ ఒక మాట సెప్పేలోగా నాను కోటవురట్ల ఎల్లి టీ తాగి వచ్చెయ్యగల్ను."

మరో పట్టింపు కూడా ఉండేది. అది ఆవిడ పెట్టింది కాదు, అందరూ కలిసి పెట్టుకున్నది. మంచం తిరిగి తెచ్చేవాళ్ళు "ఇంక అవసరం లేదండి" అనేవాళ్ళు. అవసరం ఎందుకు లేకుండా పోయిందో వాళ్ళు చెప్పేవాళ్ళు కాదు, మేం అడిగేవాళ్ళం కాదు. లేచి తిరుగుతున్నవాళ్ళ తాలూకు అయితే మొహంలోనే తెలిసిపోతుంది. మరోరకం మొహం అయితే మేం తల దించుకుని మంచం లోపలికి తోయించుకునేవాళ్ళం. ఆ మంచాన్ని పసుపునీళ్ళతో కడిగి ఎండలో పెట్టేవాళ్ళు. శనివారం భజన మధ్యలో దాన్ని వేసి హారతి ఇచ్చి, ముందుగా ఒక చిన్నపిల్లని దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు. బోసినవ్వు తగిలితే మంచం మళ్ళీ కొత్తదవుతుందని. ఆ తర్వాతే అది ఇంకొకరి ఇంటికి వెళ్ళాలి.

కిందటి చలికాలంలో ఒక శనివారం పెద్దమ్మగారు నన్ను అడిగారు. "అమ్మాయ్, ఈసారి మీ పాపని కూర్చోబెడదామా?"

వద్దు అని లోపల అరిచాను. బయటికి మాత్రం ఇలా వచ్చింది. "పాపకి కాస్త జలుబుగా ఉందండీ. చూద్దాం. స్వామి దయ."

మా భాషలో దానికి అర్థం సరే అని కూడా కావచ్చు కదా. నేను ఫోను మాట్లాడి వచ్చేసరికి పాప ఆ మంచం మీద గెంతుతోంది. నోట్లో ప్రసాదం బెల్లంముక్క, గెడ్డం మీదకి కారుతున్న రసం. చుట్టూ ఆడవాళ్ళు తాళాలు వాయిస్తూ మురిసిపోతున్నారు. నేనూ నవ్వాను. ఇంటికి తీసుకెళ్ళి నెత్తి మీదనుంచి నీళ్ళు పోశాను. ఆ తర్వాత ఆదివారం అంతా దాని నుదురు ముట్టుకుని చూస్తూనే ఉన్నాను. అది విసుక్కుని నా నుదురు ముట్టుకుని చూసింది.

సోమవారం పొద్దున్న కోటవురట్ల దగ్గర పల్లెనుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారు. చెరుకు రైతులు. అతని తల్లి పశువులశాలలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. విశాఖలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపేశారు. ఇంట్లో ఉన్నది నులక మంచం. అది లోపలికి కుంగిపోతుంది, దాని మీద పడుకోబెట్టొద్దన్నారు. ప్రస్తుతం నేల మీద చాపేసి పడుకోబెట్టారు. వెల్లకిలా పడుకునే గంజి తాగుతోందట. అలా తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తలవైపు ఎత్తి కూర్చోబెట్టే తీరాలని డాక్టరు గట్టిగా చెప్పారు. నడుం కింద చర్మం అప్పుడే కందిపోయింది.

మా దగ్గర ఆ రోజు ఉన్నది ఒకటే మంచం. పాప గెంతిన మంచం.

వెనక గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. అతను హ్యాండిల్ తిప్పి చూశాడు. తలవైపు మెల్లగా లేచింది. ఆమె రెక్సిన్ పరుపు మీద చెయ్యేసి నొక్కి చూసి, బాగుందన్నట్టు తల ఊపి, నా వైపు తిరిగింది.

"ఒక మాట అడుగుతాను, ఏటనుకోకండమ్మా. ఈ మంచం మీద ఎవులైనా పోనారా?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

"మంచం చాలా శుభ్రంగా ఉందమ్మా," అన్నాను. "పసుపునీళ్ళతో కడిగించాం. ఎండలో పెట్టాం. పరుపు మీద రెక్సిన్ కొత్తది. భజన కూడా చేశాం. చిన్నపిల్లని కూర్చోబెట్టాం, మా పాపే. మా సొంత పాపనే కూర్చోబెట్టాం కదా, అంతా స్వామి దయ."

ఆమె మొగుడి వైపు చూసింది. "మరి పాప బాగుందా అమ్మా?"

"బాగానే ఉంది. కొంచెం జలుబు. అది ముందునుంచీ ఉన్నదే లెండి, మంచం వల్ల కాదు."

పరుపు మీదున్న చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది. కొంగుకి తుడుచుకుంది కూడా.

"ఇంట్లో ఒకపాలి అనుకుని ఫోన్ సేత్తామండి," అన్నాడతను. ఇద్దరూ వెళ్ళిపోయారు. మంచం కట్టడానికని తాడు భుజాన వేసుకుని వచ్చిన ట్రాలీ అతను వాళ్ళ వెనకే చూస్తూ, "అనుకుని సేత్తాం అన్నోళ్ళు సెయ్యరు మేడమ్" అన్నాడు. ఆ రోజు అతను నన్ను ఆటపట్టించలేదు.

పెద్దమ్మగారు ముందు గదిలోనుంచి అంతా విన్నారు. నేను వచ్చి కూర్చున్నాక చాలాసేపు పటానికి పూలు సర్దుతూ ఉండిపోయారు.

"ఆ పిల్ల అడిగింది ఒక్కటే గదమ్మాయ్. దానికి తప్ప అన్నిటికీ చెప్పేవు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు ఉక్రోషం కూడా వచ్చింది. "మరి ఏం చెప్పమంటారండీ? లేదు అనకూడదు. పోయారు అనకూడదు. మీరు కూడా అన్నిటికీ స్వామి దయ అనే కదండీ అంటారు?"

ఆవిడతో నేను అలా మాట్లాడటం అదే మొదటిసారి. వెంటనే, "అంటే, నా ఉద్దేశం అది కాదండీ, నేను అనేదేమిటంటే" అని మొదలుపెట్టాను.

"ఆగు," అన్నారావిడ. "ఇప్పుడు బాగా చెప్పేవు. దాన్ని మళ్ళీ కప్పెట్టకు."

పూలబుట్ట కింద పెట్టి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. చెప్పాలంటే ఆవిడకీ భయం ఉంది. ఈ మంచం మీద మనిషి పోయాడని మనమే చెప్తే ఇంక ఎవరూ మంచాలు తీసుకెళ్ళరు, ఇక్కడే తుప్పు పట్టిపోతాయి అన్నారు. మరి చెప్పకపోతే? ఆ రైతు తల్లి చాప మీదే ఉండిపోతుంది కదా, అన్నాను.

"పోనీ చెప్పు," అన్నారు చివరికి. "ముందు జవాబు చెప్పు. స్వామిని చివర్లో పెట్టు. ఆయనేమీ అనుకోడు."

అప్పుడు తెలిసింది, చెప్పాలన్నా మా దగ్గర జవాబు లేదని. ఆ మంచం తెచ్చిచ్చిన అబ్బాయి మొహం చూసి వాళ్ళ నాన్న పోయారని అనుకున్నామే తప్ప ఎలా పోయారో, జబ్బేమిటో మాకు తెలీదు. అడగడం మర్యాద కాదని అడగలేదు. ఇప్పుడు అడగాలి. ఫోను చేతిలో పట్టుకుని ఒక వాక్యం లోలోపల అనుకున్నాను. దానికి ముందు ఒకటి, వెనక ఒకటి చేర్చాను. తీసేశాను. ఫోను చేశాను.

"మీ నాన్నగారు ఎలా పోయారో తెలుసుకోవాలండీ. ఆ మంచం ఇంకొక పెద్దావిడకి ఇవ్వాలి. వాళ్ళు అడుగుతున్నారు."

అనేశాక తప్పు చేశాననుకున్నాను. అప్పుడు ఆ అబ్బాయి మెల్లగా మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆపలేదు. జబ్బేం లేదండీ, వయసు. కిడ్నీలు గానీ, ఊపిరితిత్తులు గానీ ఏమీ పాడవలేదు. ముందు రోజు పెరుగన్నం తిన్నారు. మంచం తలవైపు పైకి ఎత్తించుకుని కిటికీలోంచి రోడ్డు మీద పోయే చెరుకు ట్రాక్టర్లని చూస్తూ, ఈ లోడు బాగుంది, ఆ లోడు ఎండిపోయింది అంటూ కూర్చునేవారు. తెల్లారి కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు.

"ఇన్నాళ్ళయింది, నాన్న ఎలగ పోయేరని ఒక్కరూ అడగలేదండీ," అన్నాడు. "అందరూ ధైర్యంగా ఉండు అంటారు, ఎల్లిపోతారు. ఆ మంచం మా నాన్నకి సుఖంగా ఉండేది. వాళ్ళకి అలగే చెప్పండి."

ఫోను పెట్టేశాక పెద్దమ్మగారు కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. అద్దాలేనో, కళ్ళో నేను చూడలేదు. "మా ఆయనప్పుడు నన్ను కూడా ఎవరూ అడగలేదే" అన్నారు. నేను అడిగాను. ఆవిడ చెప్పారు. అది ఆవిడది, ఇక్కడ రాయను.

తర్వాత పల్లెకి ఫోను చేశాను. కోడలే ఎత్తింది.

"మంచం గురించి అడిగారు కదమ్మా. అవును. కిందటి నెల ఒక పెద్దాయన దాని మీదే పోయారు."

అక్కడ ఆగిపోవాలి. అదే కష్టం. నాలుక మీద పసుపునీళ్ళు, భజన, కొత్త రెక్సిన్ అన్నీ వరసకట్టి నిలబడ్డాయి. ఎదురుగా పెద్దమ్మగారు నోటి మీద వేలు పెట్టుకుని నా వైపే చూస్తున్నారు. అవతల కోడి ఒకటి కొక్కొక్కో అంటోంది. ఎక్కడో మోటారు నడుస్తోంది.

"జబ్బేటి?" అంది కోడలు.

"జబ్బు లేదు. వయసు. నిద్రలో పోయారు. వాళ్ళబ్బాయిని అడిగి చెప్తున్నాను."

"అంతేనా? ఇంకేటీ లేదా?"

"ఇంకేమీ లేదు."

ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది. "మీరు అదీ ఇదీ సెప్తా ఉంటే అంటుకున్నదేదో దాత్తన్నారనుకున్నాం అమ్మా. కడిగేం అన్నారు, ఎండబెట్టేం అన్నారు, పాపకి జలుబన్నారు. మా ఇంట్లో పసోడున్నాడు గదా, బయమేసింది. పోతే పోనారు. మనుసులు మంచం మీద కాకపోతే ఎక్కడ పోతారు?"

అని, "అయితే మా అత్తని అడగాల. పడుకునేది ఆవిడ గదా" అని ఫోను తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపు గుసగుసలు. తర్వాత ఒక బొంగురు గొంతు.

"ఎవులే నువ్వు? ఆ ముసిలాయన ఎలగ పోనాడు?"

"నిద్రలో, అమ్మమ్మా."

"మూలిగేడా?"

"లేదట."

"ఎవులి సేతా సాకిరీ సేయించుకోకండానే?"

"ముందు రోజు కూడా పెరుగన్నం తిన్నారట."

తర్వాత ఆవిడ పక్కకి తిరిగి ఎవరితోనో చెప్తోంది. "సూసేవా. అదీ సావంటే. మీ అయ్య ఆరునెల్లు సంపేడు నన్ను." మళ్ళీ నాతో, "అలగైతే ఆ మంచమే అంపండి. మరోటి అంపితే నాను ఒప్పను" అంది.

మంచం ఎక్కించే ముందు మళ్ళీ ఫోను చేసి, "మీ గుమ్మం వెడల్పెంత?" అని మాత్రమే అడిగాను. ట్రాలీ అతను తాడు ముడేస్తూ ఆగిపోయి నన్ను తేరిపార చూశాడు. "మేడమ్‌కి ఒంట్లో బాగానే ఉందా?" అని పెద్దమ్మగారిని అడిగాడు.

గుమ్మం చాలదని తేలింది. అందుకని వసారాలోనే వేద్దామనుకున్నాం. హ్యాండిల్ ఎలా తిప్పాలో చూపించమని పెద్దమ్మగారు నన్ను కూడా పంపారు. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు. ఒకదాని వెనక పడితే దాన్ని దాటడానికి చాలా సమయం పట్టింది. ట్రాలీ అతను ఆ రైతుతో అంతకుముందు ఒక్క మాటైనా మాట్లాడి ఉండకపోయినా, దిగగానే "బావా, తలవైపు నువ్వు పట్టు, బరువంతా అటే ఉంది" అన్నాడు. అతను "మరి అందుకే నన్ను పట్టమన్నావేటి?" అంటూనే పట్టాడు.

పెద్దావిడని దుప్పటితో సహా ఎత్తి మంచం మీదకి మార్చారు. చిన్న మనిషి. ఎత్తుతున్నంతసేపూ అందరినీ తిడుతూనే ఉంది. నేను కాళ్ళవైపు వంగి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాను. తలవైపు కొంచెం కొంచెం లేచింది. ఆస్పత్రినుంచి వచ్చిన రోజునుంచి ఆవిడకి కనబడుతున్నది ఇంటి దూలాలే. ఇప్పుడు ముందు వసారా అంచు కనబడింది, తర్వాత వాకిలి, తర్వాత పశువులశాల.

"ఓలే," అంది కోడలితో. "ఆ చెరుకాకు అలగ ఎండలో పారేసినారేటి? గేదె ఏటి తింటాది, నీ మొకమా? కుడితి గోలెం కడిగి ఎన్నాళ్ళైంది?"

కోడలు నా వైపు చూసింది. "లేపింది మీరు. తిట్లు నాకు."

కోడలు గంజి గ్లాసు తెచ్చింది. పెద్దావిడ దాన్ని తన చేత్తోనే పట్టుకుని, కూర్చుని, గుటక గుటకకీ ఆగుతూ తాగింది. కొడుకు మంచం కోడు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. గ్లాసు ఖాళీ అయ్యాక ఆవిడ మూతి తుడుచుకుని నన్ను పిలిచింది.

"ఇలగ రా గుంటా. ఫోన్లో మాటాడింది నువ్వేనా? ఒకటి సెప్పు. నాను మళ్ళీ నడుత్తానేటి?"

కొడుకూ కోడలూ, పక్కింటినుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళూ ఒక్కసారే నోరు తెరిచారు. నడుత్తావు, ఎందుకు నడవవు, పరిగెడతావు. ఆవిడ వాళ్ళవైపు తిరగలేదు. నా మొహమే చూస్తోంది.

"నాకు తెలీదు అమ్మమ్మా," అన్నాను. "కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారిని అడగండి. కూర్చుని తినడం మాత్రం ఇవాళ్టినుంచే. స్వామి దయ."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసుకుని కాసేపు చూసింది. తర్వాత పళ్ళు లేని నోటితో నవ్వింది.

"తెలీదంట. ఈ ఊరందరికీ తెలుసు, దీనికొక్కదానికే తెలీదంట." కోడలి వైపు తిరిగి, "దీనికి తాగడానికేదైనా ఇయ్యండే" అంది. మళ్ళీ నాతో, "ఆ రోడ్డు కనబడత లేదు. ఇంకొంచెం లెగదియ్యి."

నేను వంగి హ్యాండిల్ తిప్పాను.